తప్పు ఎవరిది, కట్టింది ఎవరు?
హుస్నాబాద్ ప్రాంతపు వాడల్లో ప్రాయశ్చిత్తం, రక్షణ

తెలంగాణలో మాల మాదిగలు క్రైస్తవంలోకి పోయిన చరిత్ర రాసినవాళ్లు దాదాపు అందరూ ఒకే ప్రశ్నతో మొదలుపెట్టి, ఆ ప్రశ్న దగ్గరనే ఆగిపోయిండ్రు. ఎందుకు పోయిండ్రు? కరువు వల్ల పోయిండ్రని, గంజి కోసం పోయిండ్రని, బడి కోసం, దవాఖాన కోసం, దొర దెబ్బ పడకుండా తెల్లదొర అండ దొరుకుతదని పోయిండ్రని జవాబులు చెప్పిండ్రు. ఈ కారణాల్లో ఏదీ అబద్ధమని మేము అనడం లేదు. కడుపు కాలినోడు కడుపు కోసం పోవడం సిగ్గుపడవలసిన పని అని కూడా అనుకోవడం లేదు. రాజు దగ్గర అగ్రహారం పుచ్చుకున్నవానిది ధర్మం, పాదిరి దగ్గర జొన్నలు పుచ్చుకున్నవానిది ప్రలోభం అనే లెక్క ఎవరు రాసిందో మనకు తెలుసు. మా అభ్యంతరం వేరే ఉంది. అక్కడికి పోయినవాళ్లకు గంజితో పాటు ఒక మాట కూడా చెప్పిండ్రు: నీ పాపం కోసం ఒకడు చచ్చిపోయిండు, నీ బాకీ ఆయన కట్టిండు, ఇక నువ్వు కట్టేది ఏమీ లేదు. ఈ మాటను మన తాతలు, అవ్వలు ఎట్ల విన్నరు, విని ఏం చేసిండ్రు అని అడిగిన చరిత్రకారులు తక్కువ. వాడవాళ్లకు కడుపే ఉంటది, సిద్ధాంతం ఉండదు అనే నమ్మకం అగ్రకుల చరిత్రకారులకు ఉంది. మార్క్సిస్టులమని చెప్పుకున్న చాలామందికీ ఉంది.

1933లో జె. వాస్కామ్ పికెట్ అనే మెథడిస్టు మిషనరీ సామూహిక మతమార్పిడుల మీద ఒక పెద్ద సర్వే అచ్చువేసిండు. క్రైస్తవులు ఎందుకైనరని వేలమందిని అడిగి, వచ్చిన జవాబులను ఆధ్యాత్మికం, లౌకికం, సామాజికం, పుట్టుకతో వచ్చింది అని నాలుగు కుప్పలు పోసిండు. సుమారు మూడో వంతు ఆధ్యాత్మికమని, ఇంకో మూడో వంతు పుట్టుకతో వచ్చిందని తేల్చిండు. లౌకిక లాభం కోసమని చెప్పినవాళ్లు పదో వంతు కూడా లేరు. మిషనరీ సర్వే గనుక దాన్ని కండ్లు మూసుకొని నమ్మవలసిన పని లేదు. అయితే కుప్పలు పోసిన తీరు చూడండి. 'ఏసు మమ్ముల దొర దెబ్బల నుంచి కాపాడుతడు' అని ఒకరు చెప్పిండ్రనుకుందాం. అది ఏ కుప్పలో పడాలె? ఆధ్యాత్మికమా, లౌకికమా, సామాజికమా? వాడలో ఈ మూడు వేరువేరుగా ఉండవు. మా వ్యాసమంతా ఈ చిక్కు గురించే.

మేము హుస్నాబాద్ ప్రాంతాన్ని ముందు పెట్టుకొని మాట్లాడుతున్నం. 2016 అక్టోబర్ దాకా కరీంనగర్ జిల్లాలో ఉండి ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న ఈ ఊరు కరీంనగర్, సిద్దిపేట, హనుమకొండల నడుమ ఉంటది. చుట్టూ కోహెడ, అక్కన్నపేట, చిగురుమామిడి, సైదాపూర్, భీమదేవరపల్లి మండలాలు. మిషన్ చరిత్రలో ఇది కేంద్రం కాదు, అంచు. ఉత్తరాన కరీంనగర్‌లో, పడమర సిద్దిపేటలో 1880లలో వెస్లియన్ మెథడిస్టులు కాలుపెట్టిండ్రు. తూర్పున హనుమకొండలో 1879 నుంచి అమెరికన్ బాప్టిస్టులు ఉన్నరు. ఒకరు పసిపిల్లలకు నీళ్లు చల్లి బాప్తిస్మం ఇస్తరు, ఇంకొకరు పెద్దైనంక ముంచి ఇస్తరు. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డప్పుడు వెస్లియన్ సంఘాలు అందులో కలిసినయి, బాప్టిస్టులు కలవలేదు. 1978లో కరీంనగర్ డయాసిస్ వేరుపడ్డది. ఈ తేడాలు పాదిర్లకు పెద్దవి. వాడకు వచ్చిన మాట మాత్రం ఇద్దరి దగ్గరా ఒకటే: సిలువ, రక్తం, బాకీ, రక్షణ.

ముందు మాటల సంగతి చూద్దాం. తెలుగు బైబిలు చేసినవాళ్లు యూదుల బలిపీఠం భాషకు మాటలు వెతుక్కొని 'ప్రాయశ్చిత్తం' అనే మాటను తీసుకున్నరు. ఇది ధర్మశాస్త్రాల మాట. మనుస్మృతి పదకొండో అధ్యాయమంతా ప్రాయశ్చిత్తాల పట్టికే. బ్రాహ్మణ్ణి చంపినవానికి విధించిన ప్రాయశ్చిత్తంలో క్షత్రియుణ్ణి చంపితే నాలుగో వంతు, వైశ్యుణ్ణి చంపితే ఎనిమిదో వంతు, శూద్రుణ్ణి చంపితే పదహారో వంతు. అదే అధ్యాయంలో పిల్లిని, ముంగిసను, కప్పను, కుక్కను, ఉడుమును, గుడ్లగూబను, కాకిని చంపినవాడు శూద్రుణ్ణి చంపిన ప్రాయశ్చిత్తమే చేసుకోవాలని ఉంది. శూద్రుని ప్రాణమే కప్ప ప్రాణంతో సమానమైతే ఊరవతల ఉన్నవాని ప్రాణం ధర ఎంత? అనువాదకులు ఈ లెక్క గుర్తుపెట్టుకొని ఆ మాట ఎంచుకున్నరని మేము అనుకోం. తమకు తెలుగు, సంస్కృతం చెప్పిన పండితుల నోట విన్న మాట తీసుకొని ఉంటరు. కానీ ఆ మాట వాడకు వచ్చి ఏమైంది? పదహారో వంతు కూడా దక్కనివాని కోసం దేవుడే స్వయంగా, తన కొడుకు ప్రాణం పెట్టి, నిండు ప్రాయశ్చిత్తం చేసిండని పాదిరి చెప్పిండు. మనువు పట్టిక తలకిందులైంది. ఇంత పెద్ద ధర ఎవరి కోసమైనా కట్టి ఉంటే, వాడు కప్పతో సమానం ఎట్లయితడు? వాడలో మనుస్మృతి ఎవరూ చదవలేదు, నిజమే. చదవనవసరం లేదు. ఆ పట్టిక ఊరి నడవడిలోనే ఉండె.

రెండో మాట 'రక్షణ'. మోక్షం, ముక్తి అనే మాటలు ఉండంగనే బైబిలు ఎక్కువగా రక్షణ అనే మాట వాడింది. ఇది కూడా గమనించవలసిన సంగతి. మోక్షం అంటే ఈ లోకం నుంచి తప్పించుకొని పోవడం. రక్షణ అంటే కాపాడడం. కలరా నుంచి, అమ్మవారి నుంచి, దయ్యం నుంచి, పాము నుంచి, పట్వారి నుంచి, దొర నుంచి. పాదిరి 'పాపం నుంచి రక్షణ' అని చెపుతుంటే వాడ 'కాపాడుడు' అని విన్నది. పి.వై. లూక్, జాన్ కార్మన్ మెదక్ డయాసిస్‌లోని పల్లె సంఘాలను పరిశీలించి 1968లో ఒక పుస్తకం తెచ్చిండ్రు. తెలంగాణ పల్లె క్రైస్తవుల మీద ఇంత దగ్గరగా చూసి రాసిన పుస్తకాలు ఇప్పటికీ తక్కువే. అందులో కనబడే విశ్వాసులు ఏసును నమ్ముతరు, జబ్బు చేస్తే పాస్టరును పిలిచి ప్రార్థన చేయించుకుంటరు, ఊరి దేవతల పండుగ వస్తే దాంట్లోనూ ఏదో ఒక పాలు పంచుకుంటరు. ఏసు వాళ్లకు ముందుగా కాపాడే దేవుడు. పాప పరిహారం సంగతి అంత బలంగా వినబడదు. ఇది విశ్వాసం సరిగా కుదరకపోవడం అని చాలామంది పాదిర్లు అనుకున్నరు. మేము అట్ల అనుకోవడం లేదు. మాట అర్థాన్ని వాడవాళ్లు పాదిర్ల కంటే సరిగా విన్నరు. తెలుగులో రక్షణ అంటే అదే.

మూడో మాట బైబిల్లో పెద్దగా కనబడదు గాని, అన్నిటికంటే ముఖ్యమైంది అదే. 'తప్పు'. మన దిక్కు తప్పు అనే మాటకు రెండు అర్థాలు. చేసిన నేరమూ తప్పే, దానికి కట్టే జుర్మానా కూడా తప్పే. కులపంచాయితీ కూసుంటే 'తప్పు పెట్టిండ్రు' అంటరు, 'తప్పు కట్టిండు' అంటరు. తప్పు కట్టనోణ్ణి వెలివేస్తరు. కట్టినంక మళ్ల కులంలో కలుపుకుంటరు, కల్లు తాగుతరు, బువ్వ తింటరు. దొర గడిలో కూడా ఇదే నడిచింది. అక్కడ పంచాయితీ లేదు, కల్లు లేదు, దొర నోటి మాటే తీర్పు. ఎదురుగ చెప్పులు తొడుక్కొని పోతే తప్పు. పిలిచినప్పుడు రాకపోతే తప్పు. తప్పు బరువును చేసిన పనిని బట్టి చూడరు, ఎవరి ముందట చేసినవో వాళ్ల స్థాయిని బట్టి చూస్తరు. పక్కింటివాణ్ణి తిడితే మందలిస్తరు, దొరను చూసి నవ్వితే తోలు తీస్తరు.

ఇక్కడ యూరప్ సంగతి కొంచెం చెప్పవలసి ఉంది. 11వ శతాబ్దం చివర ఆన్సెల్మ్ అనే కాంటర్బరీ ఆర్చిబిషప్ 'దేవుడు మనిషి ఎందుకైనట్టు' అనే ప్రశ్న మీద ఒక గ్రంథం రాసిండు. పాశ్చాత్య క్రైస్తవంలో ప్రాయశ్చిత్త సిద్ధాంతానికి చాలా కాలం అదే దారి వేసింది. అంతకు ముందు చాలామంది సిలువను సైతాను చెర నుంచి మనుషులను విడిపించిన గెలుపుగా చెప్పేవాళ్లు. ఆన్సెల్మ్ లెక్క మార్చిండు. మనిషి చేసిన పాపం దేవుని గౌరవానికి లోటు. దేవుడు అనంతుడు గనుక లోటు కూడా అనంతం. దాన్ని మనిషి తీర్చలేడు, తీర్చవలసింది మాత్రం మనిషే. అందుకని దేవుడే మనిషై వచ్చి తీర్చిండు. నేరం బరువు నేరానికి గురైనవాని స్థాయిని బట్టి ఉంటదనే ఈ లెక్క జమీందారీ యూరప్ లెక్క అని తర్వాతి వేదాంతులే ఒప్పుకున్నరు. 1930లలో స్వీడన్‌కు చెందిన గుస్తాఫ్ ఔలేన్ ఆ పాత గెలుపు కథను మళ్ల ముందుకు తెచ్చి ఆన్సెల్మ్ దారిని విమర్శించిండు. లండన్ నుంచి కరీంనగర్ వచ్చిన పాదిరి పెట్టెలో ఆన్సెల్మ్ దొర ఉన్నడు. వచ్చింది మాత్రం నిజం దొరలు, నిజం గడులు ఉన్న దేశానికి. ఇంగ్లండులో పుస్తకాల్లో మిగిలిన ఉపమానం ఇక్కడ రోజువారీ బతుకు.

ఈ కలయిక రెండు వైపులా పదునున్న కత్తి. ఒక దిక్కు, దేవుణ్ణి ఇంకా పెద్ద దొరను చేసింది. 'ప్రభువు' అన్న మాటలోనే దొర ఉన్నడు. ఇన్ని తప్పులు కట్టిన మనిషికి ఆకాశంలో ఇంకో తప్పు ఉందని, అది అన్నిటికంటే పెద్దదని చెప్పడం ఎంత క్రూరమో ఆలోచించండి. ఇంకో దిక్కు, ఈ దొర కొడుకే గడి దిగి వచ్చి వెట్టివాని తప్పు తన ఒంటి మీద కట్టిండు. ఇది వాడ ఎన్నడూ వినని కథ. ఏ దొర కొడుకు, ఎన్నడు, ఏ ఊర్లె అట్ల చేసిండు? తప్పు కట్టినంక ఏమైతదో వాడకు తెలుసు. మళ్ల కలుపుకుంటరు, కలిసి తింటరు. అందుకే ప్రభు సంస్కారం, ఆ రొట్టె, ఆ గిన్నె వాళ్లకు వేదాంతం చెప్పకుండానే అర్థమైంది. తప్పు కట్టిన తర్వాత పెట్టే కులం బువ్వ అది.

(ఆ గిన్నె దగ్గరనే మాలలు ముందు తాగాలెనా, మాదిగలు ముందు తాగాలెనా అనే కొట్లాట కూడా తెలుగు సంఘాలు చూసినయి. వేరు వేరు వాడలకు వేరు వేరు ప్రార్థన మందిరాలు కూడా లేచినయి. మన ఇంటి గుట్టు గనుక దాచిపెట్టవలసిన పని లేదు. ఒక్క రక్తంతో అందరి తప్పూ పోయిందన్నవాళ్లే ఒక్క గిన్నెలో మూతి పెట్టలేకపోయిండ్రు.)

ఇప్పుడు రక్తం దగ్గరికి వద్దాం. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ 1916లో దక్షిణ భారత గ్రామ దేవతల మీద పుస్తకం వేసిండు. తెలుగు పల్లెల్లో దున్నపోతు బలిని అందులో వివరంగా రాసిండు. తల నరకడం, ముందుకాలు కోసి నోట్లో పెట్టడం, తల మీద దీపం వెలిగించడం, రక్తం కలిపిన అన్నాన్ని పొలిమేర పొంటి చల్లడం. మనం పొలి చల్లుడు అంటం. ఆ రక్తం ఊరినంతా కాపాడుతది. కాపునూ కాపాడుతది, కోమటినీ కాపాడుతది, కరణాన్నీ కాపాడుతది. నరికేది, మోసేది, డప్పు కొట్టేది వాడ. ఊరికి రక్షణ, వాడకు మైల. బలి పని చేసినందుకే అంటరానివాడు, అంటరానివాడు గనుకనే బలి పని.

హుస్నాబాద్‌లో ఎల్లమ్మ చెరువు ఉంది, రేణుకా ఎల్లమ్మ గుడి ఉంది, జాతర ఉంది. జమిడిక పట్టుకొని బైండ్లవాళ్లు చెప్పే ఎల్లమ్మ కథ తెలంగాణలో తెలియనివాళ్లు లేరు. మొగని కోపానికి, కొడుకు గొడ్డలికి భయపడి రేణుక మాదిగింట్లో దాక్కుంటది. పరశురాముడు ఇద్దరి తలలూ నరుకుతడు. తర్వాత బతికించే వరం దొరికితే తలలు తారుమారవుతయి. మాదిగ మొండెం మీద రేణుక తల అని ఒక పాఠం, రేణుక మొండెం మీద మాదిగ తల అని ఇంకో పాఠం. కథలో అందరూ రేణుక గురించే దుఃఖపడతరు. ఆశ్రయం ఇచ్చిన పాపానికి మెడ పోగొట్టుకున్న మాదిగ ఆమె ఏ తప్పు చేసింది? ఆమె చావుకు కథలో పేరు లేదు. ఏసునూ ఎల్లమ్మనూ ఒకటి చేయాలని మేము ఈ సంగతి ఎత్తడం లేదు. ఒకరి తప్పుకు ఇంకొకరు చావడం అంటే ఏమిటో వాడకు పాదిరి వచ్చి నేర్పవలసిన అవసరం లేకుండె అని మాత్రం చెపుతున్నం. ఆ చచ్చినవాళ్లను దేవుని కుడిపక్కన కూసుండబెట్టిన కథ మాత్రం కొత్తది.

'బలి ఒక్కసారే అయిపోయింది, ఇంక బలి లేదు' అనే సిద్ధాంతం ఊర్లెకు వచ్చి ఏం చేసిందో చూడాలంటే ఒంగోలు దిక్కు చూడాలె. అక్కడ యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఆయన, తోలు వ్యాపారం చేసేవాడు, అంతకు ముందే యోగమార్గం పట్టినవాడు, 1866లో బాప్తిస్మం తీసుకున్నడు. ఆయన వెంట మాదిగ పల్లెలు కదిలినయి. కరువు తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిండ్రు. బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ చేరినవాళ్లకు పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలను కొలవొద్దు. పైకి చూస్తే మతం నియమాలు. ఊరి లెక్కలో మూడూ సమ్మెలే. ఆదివారం పని మానితే వెట్టి ఆగుతది. చచ్చిన గొడ్డును ముట్టకపోతే ఊరు కంపు కొడతది. జాతరకు డప్పు కొట్టకపోతే పొలి చల్లేటోడు లేడు, ఊరికి రక్షణ లేదు. కొట్టిండ్రు, బాయి కాడికి రానియ్యలేదు, పని బంద్ పెట్టిండ్రు. సిలువ మీద బలి అయిపోయిందని నమ్మడం వేదాంతులకు ఒక అభిప్రాయం, మాదిగకు మాత్రం దెబ్బలు తినే పని.

నైజాంలో ఇంత పెద్ద కదలిక ఒక్కసారిగా రాలేదు. ఇక్కడ వెట్టి మరీ గట్టిది, దొరకు పైన సర్కారు ఉన్నా లేనట్టే. ఇక్కడి మనిషి బాకీని ఎట్ల అర్థం చేసుకుంటడో వేరే చెప్పవలసిన పని లేదు. పెండ్లికో చావుకో పైకం తీసుకొని, నోటు మీద వేలిముద్ర వేసి, భగేలాగా చేరిన మనిషి చచ్చేదాకా జీతం ఉన్నా అసలు తీరదు. కొడుకు ఆ నోటును వారసత్వంగా తీసుకుంటడు. 1930లలో నిజాం సర్కారు భగేలా ఒప్పందాల మీద చట్టం తెచ్చింది, గడి గోడ దాటి అది లోపలికి పోలేదు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976 దాకా రాలేదు. తండ్రి తప్పు బిడ్డలకు దిగుతదని పాదిరి ఆదాము కథ చెప్పినప్పుడు భగేలా మనిషికి వింత అనిపించి ఉంటదా? ఆయన నెత్తి మీద తాత బాకీ ఉండనే ఉంది. మన మీద రాసిన బాకీ పత్రాన్ని సిలువకు మేకులతో కొట్టి రద్దుచేసిండని పౌలు కొలొస్సయులకు రాసిన పత్రికలో ఉంది. దీన్ని ఉపమానమని నేర్చుకోవాలంటే సెమినరీకి పోవాలె. వేలిముద్ర వేసినోనికి అది ఉపమానం కాదు.

పరలోక ప్రార్థన తెలుగులో పాపాలు అనే మాట బదులు ఋణాలు అనే మాట వాడుతది. మాకు బాకీ పడ్డవాళ్లను మేము విడిచినట్టే మా బాకీలు విడువుమని దాని భావం. రోజూ పొద్దుగూకితే వాడలో ఈ ప్రార్థన చెప్పిండ్రు. మాల మాదిగలకు బాకీ పడ్డది ఎవరు? వాళ్లు ఎవరికీ అప్పు ఇవ్వలేదు గదా అనిపిస్తది. కానీ లెక్క తీస్తే ఊరంతా వాళ్లకు బాకీ. కూలి ఇయ్యకుండా చేయించుకున్న తరాల పని, ఊరికే తీసుకున్న చెప్పులు, మోటతోలు. దాన్ని విడిచిపెట్టమని ప్రార్థన అడుగుతున్నదా? ఈ ప్రశ్నను మా సంఘాల్లో ఇప్పటికీ ఎవరూ సరిగా ఎత్తలేదు.

అంబేడ్కర్ ఎత్తిండు. మతం మారినవాని స్థితి గురించి ఆయన రాసి, బతికుండగా అచ్చుకాని ఒక వ్యాసం 1989లో ఆయన రచనల 5వ సంపుటంలో వచ్చింది. అంటరానివాని పతనానికి కారణం చుట్టూ ఉన్న సమాజం చేసిన అన్యాయమని చెప్పకుండా, నీలోని పాపమే కారణమని మిషనరీలు బోధించిండ్రని, అందుకే మారినవానికి తన పరిస్థితి మీద తిరగబడే ఊపు రాలేదని ఆయన అంటడు. ఈ విమర్శకు ప్రాయశ్చిత్త సిద్ధాంతం దగ్గర ఇప్పటికీ గట్టి జవాబు లేదని మా అభిప్రాయం. కొట్టినోడు, కొట్టించుకున్నోడు ఇద్దరూ పాపులే, ఇద్దరి కోసమూ చచ్చిండు అంటే వినడానికి బాగానే ఉంటది. కానీ ఆదివారం పొద్దున మోకాళ్ల మీద కూసొని పాపం ఒప్పుకునేది కొట్టించుకున్నోడే. కొట్టినోడు ఆ గుడికి రాడు.

పాదిరి రాకముందు కూడా మనకు ఆదిపాపం కథ ఉండె. కామధేనువు మాంసం రుచి చూసినందుకే మాల మాదిగలు దిగజారిండ్రనే పురాణం ఊర్లల్ల చెప్పేవాళ్లు. బ్రాహ్మణీయ కథ ఆవును తిన్నవని అన్నది, పాదిరి కథ పండు తిన్నవని అన్నది. రెండింటిలోనూ తప్పు మన నోటి దగ్గరనే ఉంది. ఈ రెండింటినీ కాదన్నవాడు భాగ్యరెడ్డి వర్మ. హైదరాబాదులో 1906 నుంచి ఆయన నడిపిన ఉద్యమం చివరికి ఆది హిందువులమనే వాదానికి వచ్చింది. మనం ఈ నేల మొదటి మనుషులం, ఓడిపోయినం, తప్పు చేయలేదు అనేది దాని సారం. జంతుబలిని, జోగిని ఆచారాన్ని ఆయన కూడా వద్దన్నడు, సిలువను తీసుకురాకుండానే. ఓటమికి ప్రాయశ్చిత్తం ఉండదు. పోయింది తిరిగి తెచ్చుకోవడమే ఉంటది.

ఇంత చెప్పినంక వెస్లియన్ బోధలో మనకు పనికొచ్చింది ఏమీ లేదా అంటే ఉంది. 18వ శతాబ్దపు ఇంగ్లండులో జాన్ వెస్లీ, జార్జ్ వైట్‌ఫీల్డ్‌ల నడుమ పెద్ద తగాదా నడిచింది. క్రీస్తు దేవుడు ముందే ఎంచుకున్నవాళ్ల కోసమే చచ్చిండా, అందరి కోసమా? 1739లో బ్రిస్టల్‌లో వెస్లీ అందరి కోసం అని గట్టిగా ప్రసంగించిండు, అచ్చువేయించిండు. ఆయన మాట విన్నది కింగ్స్‌వుడ్ బొగ్గుగని కూలీల వంటివాళ్లు. 1774లో బానిసత్వానికి వ్యతిరేకంగా పుస్తకం కూడా రాసిండు. 'అందరి కోసం' అనేది అక్కడ వేదాంత తగాదా. పుట్టుకతోనే ఎంపికైన కులాలు, పుట్టుకతోనే తోసివేసిన కులాలు ఉన్న దేశంలో అది నేరుగా కులం మీద మాట.

'విమోచన' అనే మాటకు కూడా రెండు నోళ్లు. గుడిలో అది పాపం నుంచి విమోచన, అంటే ఏసు కట్టిన క్రయధనం. బయట అది గడి నుంచి విమోచన. 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గరి మహ్మదాపూర్ గుట్టల్లో అనభేరి ప్రభాకర్‌రావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి తమ దళంతో పాటు చచ్చిపోయిండ్రు. ఆ సాయుధ పోరాటంలో జనం దొరల, షావుకార్ల ఇండ్ల మీద పడి అప్పు కాయితాలు కాలబెట్టిండ్రు. పౌలు సిలువకు మేకులు కొట్టించిన కాయితం అదే. తర్వాతి కాలంలో హుస్నాబాద్‌లో పీపుల్స్‌వార్ చనిపోయినవాళ్ల కోసం చాలా ఎత్తైన స్తూపం లేచింది, దాన్ని కూల్చేసిండ్రు కూడా. అమరుల నెత్తురు ఊరికే పోదని సంఘంవాళ్లు చెప్పే మాట, గుడిలో చెప్పే మాట ఒకే వాడలో వినబడ్డయి. ఒక ఇంట్లో ఒకరు గుడికి, ఇంకొకరు సంఘానికి పోయిండ్రు. ఎవరి నెత్తురు ఎవరిని విడిపించింది అనే లెక్కలో పేర్లు రాసిన తీరు మాత్రం రెండు చోట్లా ఆలోచించవలసిందే. మహ్మదాపూర్ గుట్టల మీద దొర కులాలవాళ్ల పేర్లు ముందు గుర్తుంటయి.

మెదక్ కెథెడ్రల్ కట్టడం 1914లో మొదలై, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. దాని పెద్ద రంగుటద్దాల్లో మొదట 1927లో పెట్టింది ఆరోహణం, 1947లో జననం, చివరగా 1958లో సిలువ. ఇది కావాలని పెట్టిన వరుస కాకపోవచ్చు. కరువు రోజుల్లో కూలికి పనిచేసి ఆ రాళ్లు మోసినవాళ్లకు మాత్రం ఆకాశానికి పోయిన ఏసు ముప్పై ఏండ్లు ముందు కనబడ్డడు.

1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాడన్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిండ్రు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. సూసై కేసులో 1985లో సుప్రీంకోర్టు క్రైస్తవుడైన చర్మకారుని వాదనను ఒప్పుకోలేదు. ఆంధ్రప్రదేశ్ 1970లో క్రైస్తవంలోకి పోయిన షెడ్యూల్డు కులాలవాళ్లకు, వాళ్ల సంతానానికి బీసీ-సి కింద ఒక్క శాతం పెట్టింది. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మతంతో ముడి విప్పమన్నది. 2022 అక్టోబర్‌లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేసిండ్రు. 1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో చచ్చిపోయినవాళ్లలో సిలువను నమ్మినవాళ్లు ఉన్నరు. నరికినవాళ్లు నరికే ముందు బాప్తిస్మం సర్టిఫికెట్ అడగలేదు.

రాజ్యాంగం ఇచ్చే వాటిని కూడా తెలుగులో రక్షణలనే అంటం. ఈ రక్షణ తీసుకుంటే ఆ రక్షణ పోతది. దేవుడు ఉచితంగా ఇచ్చిండని చెప్పినదానికి సర్కారు వసూలు చేసిన ధర ఇది. కట్టింది విశ్వాసి, బిషపు కాదు. అందుకే వాడల్లో ఒక మనిషికి రెండు పేర్లు. బడి రిజిస్టర్‌లో ఒకటి, గుడి రిజిస్టర్‌లో ఒకటి. పాస్టరు రత్నమ్మను గ్రేసమ్మ అని పిలుస్తడు, పంచాయతీ కార్యదర్శి గ్రేసమ్మను రత్నమ్మ అని పిలుస్తడు. ఇది రెండు నాలుకల వ్యవహారమని ఎత్తిపొడిచేవాళ్లు ఉన్నరు. పట్టా పుస్తకం, జాబ్ కార్డు, పిల్లల ఫీజు ఏ పేరు మీద వస్తయో వాళ్లు ఎన్నడూ చూసుకోవలసిన పని పడలేదు. కులం సర్టిఫికెట్ విచారణ అంటే గోడ మీద ఏ పటం ఉంది అనే దాకా పోతది. కొన్ని ఇండ్లల్లో సిలువ బీరువా తలుపు లోపలి దిక్కున ఉంటది. ప్రార్థన వేళ తలుపు తీస్తరు, అయిపోయినంక వేస్తరు.